తప్పుకు ఒక మార్కు

ఫెయిలవడమంటే ఎలా ఉంటుందో మేడిగుంట సెయింట్ పొలికార్ప్ హైస్కూల్లో చదివే జెసింతకు పదో తరగతి దాకా తెలియదు. తెలిసిన రోజున ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడిపోయింది. తెలుగు తొంభై ఒకటి, లెక్కలు తొంభై ఎనిమిది, సైన్సు తొంభై ఆరు. అన్నిటికీ అడుగున, ఆ ఏడే కొత్తగా పుట్టిన ఏడో సబ్జెక్టు ఆత్మ పరిశీలన: సున్న. ఆ సున్న చుట్టూ ఎర్రసిరాతో మరో సున్న చుట్టారు, ఒక్కటి చాలదన్నట్టు.

ఏడింట్లో ఏ ఒక్కటి పోయినా ర్యాంకు లేదు. ర్యాంకు ఊరికే గోడకు తగిలించుకునేదైతే జెసింత అంత బాధపడేది కాదు. అర్ధ సంవత్సర పరీక్షల్లో పదో తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకు గుంటూరులో సిస్టర్లు నడిపే జూనియర్ కాలేజీలో సీటూ హాస్టలూ ఉచితం. ఆమె తండ్రి చిన్నప్ప గుడిలో ఉపదేశి. ఫాదర్ గారు రాలేని ఊళ్లకు సైకిలు మీద వెళ్లి జపాలు చెప్పించే మనిషి. ఆ సీటు వస్తే కూతురు కాలేజీకి వెళుతుంది, రాకపోతే లేదు. ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలిసిన సంగతే అది.

ఇంతకీ ఈ ఆత్మ పరిశీలన ఎక్కడి నుంచి ఊడిపడిందంటే, బెంగుళూరు నుంచి. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఎమరెన్షియా గారు వేసవి సెలవుల్లో అక్కడ మూడు రోజుల సెమినారుకు వెళ్లారు. వెళ్లకముందు ఆవిడ చాలా మంచి మనిషి. ఆరువందల మంది పిల్లల పేర్లూ, వాళ్లలో ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో కూడా ఆవిడకు తెలిసేది. వచ్చేటప్పుడు ఒక నీలం ఫైలూ, ఒక వాక్యమూ తెచ్చుకున్నారు. ఆ వాక్యం, “కొలవనిది ఎదగదు.”

కథోలిక పిల్లలకు ఆత్మ పరిశీలన కొత్తేం కాదు. పాపసంకీర్తనానికి వెళ్లేముందు మోకరించి, ఆ వారం చేసిన వెధవ పనులన్నీ గుర్తు తెచ్చుకుని, ఫాదర్ గారి చెవిలో చెప్పి, ఆయన చెప్పమన్న మూడు మంగళవార్త జపాలూ గబగబా చెప్పేసి ఆటకు పోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. అందులో సిస్టర్ గారికి ఇప్పుడు వృథా కనిపించింది.

“ఇంత విలువైన నైతిక సమాచారము ప్రతి శనివారమూ గాలిలో కలిసిపోవుచున్నది,” అని జూన్ నెల మొదటి అసెంబ్లీలో ప్రకటించారు. “ఇకపై ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడులో, మతముతో నిమిత్తము లేకుండా, విద్యార్థులందరూ తమ తప్పులను ఫారం నంబరు ఏడునందు నమోదు చేయవలెను. ఒప్పుకున్న ప్రతి తప్పుకూ ఒక మార్కు. వారానికి పది మార్కులకు మించి ఇవ్వబడవు. వందకు ముప్పై అయిదు వచ్చినవారు ఉత్తీర్ణులు.”

ఒకటి నుంచి ఆరు దాకా ఫారాలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. ఏడో ఫారంలో మాత్రం నాలుగు గళ్లున్నాయి: తప్పు, తేదీ, సాక్షి, పశ్చాత్తాపం లోతు. ఆఖరి గడిలో కొంచెం, మధ్యస్థం, లోతు అని మూడు చిన్న పెట్టెలు. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. పశ్చాత్తాపం లేని తప్పుకు మార్కు లేదు.

మొదటి శుక్రవారం డ్రిల్లు మాస్టారు లూర్దయ్య ఫారాలు పంచారు. జెసింత పెన్ను కొరుకుతూ వారమంతా వెతుక్కుంది. సోమవారం బడికి వచ్చింది, చదివింది, ఇంటికి వెళ్లింది. మంగళవారమూ అంతే. ఆఖరికి “ఏమీ లేవు” అని చక్కటి దస్తూరీతో రాసి ఇచ్చేసింది. అదే సమయానికి ఆఖరి బెంచీలో పోలిశెట్టి భార్గవ్ లేచి నిలబడి, “సార్, అడిషనల్ షీటు!” అన్నాడు. పదేళ్ల చదువులో వాడు అడిషనల్ షీటు అడగడం అదే మొదలు.

మర్నాడు సిస్టర్ గారు జెసింతను గదికి పిలిపించారు.

“ఏమీ లేవు అంటే ఏమిటమ్మా అర్థం?”

“ఏమీ చేయలేదు సిస్టర్.”

“ఏమీ చేయలేదనుకోవడమే అహంకారం.”

జెసింత ముఖం వెలిగింది. “అయితే అహంకారం అని రాయనా సిస్టర్?”

సిస్టర్ గారు నీలం ఫైలు తిరగేశారు. “అహంకారము ఆలోచన కిందికి వస్తుంది. ఈ ఫారాలు దిద్దే కమిటీ క్రియలను మాత్రమే లెక్కిస్తుంది. వెళ్లి ప్రయత్నించు. నీలో శక్తి ఉంది.”

వెర్రి వేయి విధాలన్నారు. సెయింట్ పొలికార్ప్‌లో అవన్నీ ఒక్క టర్ములోనే కనిపించాయి. లెక్కల మాస్టారంటే పిల్లలకు హడల్, ఆయన క్లాసులో ఈగ కూడా మెల్లగా ఎగిరేది. అందువల్ల ఆ క్లాసులో తప్పులు తక్కువయ్యాయి. “మీ పీరియడునందు నైతిక అవకాశములు కొరవడినట్లు గమనించడమైనది, తగు చర్య తీసుకొనగలరు,” అని ఆయనకు మెమో వచ్చింది. ఆ పెద్దమనిషి సుద్దముక్క బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని పిల్లల ముందు నిలబడ్డాడు.

“ఒరేయ్, కాస్త మాట్లాడండిరా. మీకు దణ్ణం పెడతాను. నాకూ పెళ్లాం పిల్లలున్నారు.”

తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “మావాడు తెల్లారి లేస్తే పుస్తకమే సిస్టర్. మంచిగా చెప్పాం, తిట్టాం, ఓ దెబ్బేశాం గూడా. బుద్ధి మారట్లా.” పక్కనున్న తల్లులు ఆయనను ఓదార్చారు. భార్గవ్ వాళ్ల నాన్న మాత్రం ముందు వరుసలో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఆయనను ముందు వరుసలోకి పిలవడం ఆ బడిలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

ఆలస్యంగా రావడం తేలికైన తప్పు కాబట్టి అందరూ దానిమీదే పడ్డారు. ఎనిమిదీ ముప్పావుకు గంట కొడితే, తొమ్మిదింబావుకు కూడా జెసింత తప్ప ఆరువందల మందీ గేటు బయటే నిలబడేవాళ్లు, పక్కవాడు వెళ్లాక వెళదామని. లోపల లూర్దయ్య మాస్టారు ఒంటరిగా ఈల ఊదుకుంటూ తిరిగేవారు. అప్పుడు మూడో సర్క్యులరు వచ్చింది: “అందరూ ఒకేసారి ఆలస్యమైనచో అట్టి ఆలస్యము సరియైన వేళగా పరిగణించబడును.” దాంతో రోజూ ఎనిమిదీ ముప్పావుకే వచ్చే జెసింత అరగంట ముందు వస్తున్నట్టు లెక్క తేలింది. ఆ పిల్ల ఆశగా “వేళకంటే ముందు వచ్చాను” అని ఫారంలో రాసింది. కమిటీ దాన్ని తిప్పి పంపింది. “ఇది సుగుణము. సుగుణములకు ఫారం ఇంకా రాలేదు.”

క్వార్టర్లీ పరీక్షలకు వచ్చిన జోడు సున్న సంగతి ముందే చెప్పుకున్నాం. ఆ సాయంత్రం జెసింత సిగ్గు విడిచి ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్లింది.

“భార్గవ్, నాకు కాస్త నేర్పుతావా?”

భార్గవ్ అప్పటికే పెద్దమనిషి అయ్యాడు. టీచర్లు వాణ్ని ఆపి, “ఏం నాయనా, ఈవారం ఏమైనా చేశావా?” అని పలకరిస్తున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు వాడి పాత ఫారాలు కాపీ చేసుకుని మోడల్ పేపర్లుగా చదువుతున్నారు. అయినా వాడిది మంచి మనసే. “కూర్చో. ముందు చూచిరాత నేర్పుతా. బాగా తేలిక. రేపు సైన్సు స్లిప్ టెస్టులో నా పేపర్ చూసి రాయి.”

మర్నాడు జెసింత ధైర్యం చేసి మెడ తిప్పింది. భార్గవ్ పేపర్లో గుండెకు మూడు గదులున్నాయి. ఆ పిల్ల ప్రాణం ఒప్పలేదు. “నాలుగు, నాలుగు,” అని గొణిగింది. వాడు దిద్దుకున్నాడు. తప్పు నమోదు చేస్తే కమిటీ, “తోటివానికి సహాయము, సుగుణము” అని కొట్టేసింది. పైగా భార్గవ్‌కి టెస్టులో మార్కు పెరిగిందని వాళ్ల నాన్న కంగారుపడ్డాడు.

ఇంతలో తప్పుల ధాటికి కిటికీ అద్దాలు కరువయ్యాయి. అయిదో సర్క్యులరు దిగింది: “పాఠశాల ఆస్తుల రక్షణార్థము, విద్యార్థులు తప్పు చేయుటకు ముందు లిఖితపూర్వక అనుమతి పొందవలెను. అనుమతి లేని తప్పులకు మార్కులు ఇవ్వబడవు.” రోజూ మూడుంబావుకు లూర్దయ్య మాస్టారి బల్ల ముందు వరుస కట్టడం మొదలైంది. అంత క్రమశిక్షణ గల వరుస ఆ బడిలో అన్నదానం రోజున కూడా కనపడలేదు.

“నువ్వేం చేద్దామనుకుంటన్నావమ్మాయ్?”

“రత్నకుమారి జడ లాగుదామని సార్,” అంది జెసింత.

“రత్నకుమారి ఒప్పుకున్నట్టు కాయితం తెచ్చావా? ఆఁ, ఉంది. కుడి జడా, ఎడమ జడా?”

“ఏదైనా పర్లేదు సార్.”

“అట్టా కుదరదు. ఎడమది ఇందాకే ఒకళ్లకి ఇచ్చా. కుడి రాసుకో.”

జెసింత కుడి జడ లాగింది. ఎంత సున్నితంగా లాగిందంటే, “ఇంకా ఎప్పుడు లాగుతావే, బస్సు పోద్ది,” అంది రత్నకుమారి. ఆ లాగడంలో రిబ్బను ఊడొస్తే, జెసింత మళ్లీ కట్టి అందంగా పువ్వు ముడి వేసింది. ముడి వేసిన సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకుంది. ఒక మార్కు దక్కింది.

పశ్చాత్తాపం తప్పు చేసిన ఇరవై నాలుగు గంటల్లోపు కలగాలని నియమం. పనులున్న పిల్లలు కొందరు ముందుగానే పశ్చాత్తాపపడి, తీరిక దొరికినప్పుడు తప్పు చేసేవాళ్లు. జెసింతకు ఆ బాధ లేదు. జడ లాగకముందే ఏడుపొచ్చేది, లాగాక ఇంకా వచ్చేది. ‘లోతు’ పెట్టెలో ఆమె పెట్టిన టిక్కులన్నీ నిజమైనవే. అలా జడలు లాగి, డస్టరు దాచి, లెక్కల మాస్టారు బతిమాలినప్పుడు రెండు మాటలు మాట్లాడి, తొమ్మిది వారాల్లో ముప్పై నాలుగు మార్కులు పోగుచేసింది. కావలసింది ముప్పై అయిదు. ఇంకొక్కటి!

ఆఖరి శుక్రవారం ఉదయం నుంచీ ఎంత తలబద్దలు కొట్టుకున్నా ఏ తప్పూ తోచలేదు. చేసిన తప్పు మళ్లీ చేస్తే లెక్కలోకి రాదని ఆ వారమే కొత్త నియమం వచ్చింది. “చెయ్యటం రాకపోతే చేశానని రాసెయ్,” అన్నాడు భార్గవ్. “కాన్వెంటు తోటలో జామకాయ కోశానని రాయి. అనుమతి కాయితం నాది పాతదొకటుంది, తీసుకో.” జెసింత కళ్లు మూసుకుని రాసేసింది.

కొండంత రాగం తీసి గోరంత పాట పాడినట్టు, తొమ్మిది వారాలు జాగ్రత్తపడి ఆ పిల్ల ఆఖర్న దొరికిపోయింది. కాన్వెంటు జామచెట్టు ఆ ఏడు అసలు కాయనే లేదు.

విచారణ సోమవారం సిస్టర్ గారి గదిలో జరిగింది. ఆ రోజే బిషప్ గారి పీఠం కింద ఉన్న స్కూళ్లన్నిటికీ కార్యదర్శి అయిన ఫాదర్ జ్ఞానప్రకాశం గారు ఈ పథకాన్ని చూడటానికి వచ్చారు. నచ్చితే తమ చేతికింద ఉన్న నలభై రెండు బడుల్లోనూ పెడదామని ఆయన ఉద్దేశం. జీడిపప్పు ప్లేటు ఒకవైపు, నీలం ఫైలు ఒకవైపు పెట్టుకుని తనిఖీ రిపోర్టు రాసుకుంటున్నారు. లూర్దయ్య మాస్టారు జెసింతను ప్రవేశపెట్టారు.

“ఈ అమ్మాయి చేయని తప్పును చేసినట్లు రాసింది ఫాదర్,” అన్నారు సిస్టర్ గారు, ఎంతో నొచ్చుకుంటూ. “జామకాయలు దొంగిలించకుండానే దొంగిలించితినని!”

ఫాదర్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. “ఇది చాలా తీవ్రమైన విషయము. దొంగతనము చేయకపోవడానికి నీ దగ్గర సంజాయిషీ ఏమైనా ఉందా?”

జెసింత ఆ ప్రశ్న విన్నది. పదేళ్లుగా ఆ పిల్ల కడుపులో ఎక్కడో అణిగి ఉన్నదేదో అప్పుడు తన్నుకొచ్చింది.

“సంజాయిషీయా!” అని అరిచింది. ఆ అరుపుకు వరండాలో ప్యూను చేతిలో గంట మోగింది. “వేళకి రమ్మంది మీరే! అబద్ధం ఆడొద్దంది మీరే! ఒకరి సొమ్ము ముట్టుకోవద్దంది మీరే! ఒకటో క్లాసు నుంచి చెవినిల్లు కట్టుకుని చెప్పారు, విన్నాను. విన్నందుకు ఫెయిల్ చేశారు! ఏడ్చుకుంటా వెళ్లి రత్నకుమారి జడ లాగాను, అది నాకు స్నేహితురాలు! ఇప్పుడు దొంగతనం చేయలేదని నిలబెట్టి అడుగుతన్నారు. ఇది బడా, పిచ్చాసుపత్రా?” అంటూ బల్లమీద చేత్తో ఒక్కటి చరిచింది. జీడిపప్పులు లేచి పడ్డాయి.

ముందు తేరుకున్నది లూర్దయ్య మాస్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సిస్టర్! తప్పండీ! అసలు సిసలు తప్పు! హెడ్మిస్ట్రెస్ గారి మీద అరవటం, ఇంతకుముందు ఏ ఫారంలోనూ లేదు. సాక్షులం ముగ్గురం ఉన్నాం!”

“కానీ ముందస్తు అనుమతి?” అన్నారు సిస్టర్ గారు.

“నేను ప్రత్యేకాధికారముతో వెనుకటి తేదీ నుంచి అనుమతిస్తున్నాను,” అన్నారు ఫాదర్ గారు, చొక్కా మీద పడ్డ జీడిపప్పు తీసి నోట్లో వేసుకుంటూ.

లూర్దయ్య మాస్టారు పరుగున ఫారం తెచ్చి, తప్పూ తేదీ సాక్షులూ తనే నింపి జెసింత ముందు పెట్టారు. “ముప్పై అయిదో మార్కమ్మా. ఆ ఆఖరి గడిలో ఒక్క టిక్కు పెట్టు. ఫస్టు ర్యాంకు నీదే, గుంటూరు సీటూ నీదే.”

జెసింత పెన్ను తీసుకుంది. గుంటూరు, హాస్టలు, నాన్న సైకిలు, అన్నీ ఆ చిన్న పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. లోపల వెతుక్కుంది. ‘లోతు’ లేదు. ‘మధ్యస్థం’ లేదు. ‘కొంచెం’ కూడా లేదు. నిజం చెప్పాలంటే, ఎన్నాళ్లకో ప్రాణం హాయిగా ఉంది. మూడు పెట్టెలనూ వదిలేసి పక్కన చక్కటి దస్తూరీతో “లేదు” అని రాసింది.

“అదేందమ్మాయ్!” లూర్దయ్య మాస్టారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

“కొంచెం అని పెట్టమ్మా,” అన్నారు సిస్టర్ గారు. ఆవిడ గొంతు బతిమాలుతోంది. “కొంచెం చాలు.”

“కొంచెం కూడా లేదు సిస్టర్. ఉందని రాస్తే అబద్ధం. మళ్లీ జామకాయ లాంటిదే.”

ఫాదర్ గారు నిట్టూర్చి రిపోర్టు ముగించడానికి కూర్చున్నారు. రాసేది పైకి చదవడం ఆయనకు అలవాటు. “విద్యార్థిని నిజము పలికినందున... మార్కు ఇవ్వబడలేదు. అబద్ధము పలికినచో... ఉత్తీర్ణురాలై ప్రథమ స్థానము పొందియుండెడిది. కావున ఈ పథకము సత్యశీలమును పెంపొందించుటలో మిక్కిలి...” అక్కడ ఆయన కలం ఆగింది. మొదటి నుంచి ఒకసారి మనసులో చదువుకున్నారు. తర్వాత జీడిపప్పు ప్లేటును కాస్త దూరంగా జరిపారు.

ముందు సిస్టర్ ఎమరెన్షియా గారి పెదవి వణికింది. ఏడుస్తారనుకున్నారు లూర్దయ్య మాస్టారు. కానీ ఆవిడకు నవ్వొచ్చింది. బెంగుళూరు నుంచి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఆపుకోలేక మోచేత్తో నీలం ఫైలును పక్కకు తోసేశారు.

“ఆఖరి వాక్యం కొట్టేయండి ఫాదర్,” అన్నారు. “మీ నలభై రెండు బడులకూ పుణ్యముంటుంది.”

ఆ సాయంత్రం ఇంట్లో చిన్నప్ప సైకిలు స్టాండు వేస్తూ, “ఏమైందమ్మా? ముప్పై అయిదు వచ్చినాయా?” అన్నాడు.

“సిస్టర్ గారి మీద అరిచాను నాన్నా. బల్ల కూడా చరిచాను.”

“దేవునికి స్తోత్రం!” అన్నాడు చిన్నప్ప రెండు చేతులూ పైకెత్తి. రెండు నెలలుగా కూతురికి ఒక్క తప్పు ప్రసాదించమని జపమాల చెబుతున్న మనిషి. వంటింట్లోంచి గరిటెతో వచ్చిన భార్య, “ఉపదేశి గారి నోట ఏం మాటలయ్యా అవి!” అని గదిమాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు.

బుధవారం ఆఖరి సర్క్యులరు వెలువడింది. “ఫారం నంబరు ఏడు యొక్క ఆశయములు నూటికి నూరుపాళ్లు నెరవేరినందున దానిని నిలుపుదల చేయడమైనది.” ర్యాంకులు ఆరు సబ్జెక్టులతోనే కట్టారు. జెసింతకు మొదటిది వచ్చింది, దాంతోపాటు గుంటూరు సీటూ. భార్గవ్ ఒక్కరోజులో రెండో స్థానం నుంచి నలభై మూడుకు జారిపోయాడు. లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని ముందు బెంచీ దగ్గరికి వచ్చి, “నీకు వచ్చేదాకా నేను ఓపిగ్గా నేర్పాను గదా, ఇప్పుడు నువ్వు నేర్పు,” అన్నాడు. న్యాయమైన మాటే కాబట్టి జెసింత జరిగి చోటిచ్చింది.

గురువారం, పిల్లలంతా గంట కొట్టకముందే లోపలికొచ్చి ఆడుకుంటున్న వేళ, జెసింత సిస్టర్ గారి గది గుమ్మంలో నిలబడింది. బల్లమీద నీలం ఫైలు లేదు. సిస్టర్ గారు ఒకటో తరగతి పిల్లవాడి చొక్కాకు గుండీ కుడుతున్నారు.

“సిస్టర్, సోమవారం మీ మీద అరిచాను కదా. అప్పుడేం అనిపించలా. రాత్రి అమ్మతో చెబుతుంటే అనిపించింది. మీరు నాకు అక్షరాలు దిద్దించారు. అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది. బాధగా ఉంది సిస్టర్.”

సిస్టర్ గారి చెయ్యి అలవాటు చొప్పున సొరుగు మీదకు వెళ్లింది. “ఎంత లో...” అని మొదలుపెట్టి, ఠక్కున నాలుక కరుచుకున్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“నాకూ బాధగానే ఉందమ్మా,” అన్నారు. “ఇటొచ్చి ఈ సూదిలో దారం ఎక్కించిపో, నాకు కనపడి చావట్లేదు.”